డాక్టరంటే ఎవరు?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

మా యింటి గుమ్మం పక్కన బోర్డు మీద నా పేరుకు ముందు 'డాక్టర్' అని వుంటుంది. నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను. ఓ రాత్రి పదిగంటలవేళ ఒక తల్లి జ్వరంతో మూలుగుతున్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుని మా తలుపు తట్టింది. "డాక్టరమ్మగారూ, కాస్త చూడండమ్మా" అంది. నేను ఆ డాక్టర్ని కాదమ్మా అన్నాను. ఆమె కోప్పడలేదు. "మరి బోర్డు మీద వుంది గదమ్మా!" అంది అమాయకంగా. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకువెళ్ళాం, పిల్లవాడు కోలుకున్నాడు. ఆమె ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఈ మాట అసలు ఎవరిది?

నిజం చెప్పాలంటే, మొదట ఇది పంతుళ్ళ మాట. లాటిన్ భాషలో 'దొకేరె' అంటే బోధించడం. మధ్యయుగాల్లో యూరప్ విశ్వవిద్యాలయాల్లో మతశాస్త్రం, న్యాయం, వైద్యం యీ మూడింటిలో పెద్ద పట్టా పుచ్చుకుని, ఇతరులకు చెప్పగల అర్హత సంపాదించినవాడు డాక్టరు. రోగం చూసేవాడికి ఇంగ్లీషులో వేరే పేరుంది, ఫిజీషియన్ అని. గ్రీకులో 'ఫుసిస్' అంటే ప్రకృతి. ప్రకృతిని ఎరిగినవాడన్నమాట. మన 'వైద్యుడు' కూడా విద్య నుంచి వచ్చినవాడే గదా! మూడు మాటలూ చదువు చుట్టూ తిరిగేవే.

మరి సర్జన్ సంగతి? ఆ మాటకు గ్రీకు మూలంలో అర్థం 'చేతిపని'. చేతిపనివాడికి గౌరవం తక్కువ కావడం మనకే కాదు, వాళ్ళకీ వుంది. లండన్‌లో ఫిజీషియన్ల కాలేజీ 1518లో రాజశాసనంతో ఏర్పడింది. సర్జన్లను మాత్రం 1540లో క్షురకులతో కలిపి ఒకే సంఘం చేశారు. గడ్డం గీసేవాళ్ళూ, గడ్డలు కోసేవాళ్ళూ ఒకే గొడుగు కింద 1745 దాకా వున్నారు. ఫిజీషియన్‌కు యూనివర్సిటీ పట్టా వుంది కాబట్టి డాక్టరు. సర్జన్ గురువు దగ్గర పని నేర్చుకున్నవాడు కాబట్టి వట్టి మిస్టర్. తరవాత సర్జన్లూ పెద్ద చదువులు చదివారు గాని ఆ పాత పిలుపు వదులుకోలేదు. ఇప్పటికీ ఇంగ్లండులో సర్జన్ పరీక్ష నెగ్గినాయన 'డాక్టర్' తీసేసి 'మిస్టర్' అని రాసుకుంటాడు. నెగ్గింది ఆడమనిషైతే 'మిస్' అవుతుంది. ఇన్నేళ్ళు చదివి 'మిస్' అనిపించుకోవడం మనకు వింతే!

ఫిజీషియన్‌కు ఫీజు యిచ్చుకోలేని జనానికి, మందులు నూరి అమ్మే అపోతికరీయే దిక్కు. 1815లో చట్టం చేసి అతనికీ చదువు, పరీక్ష పెట్టారు. 1858 చట్టంతో అర్హులందరి పేర్లూ ఒక రిజిస్టరులోకి ఎక్కాయి. జనం అప్పటికే ఎవరు నాడి పట్టుకుంటే వాళ్ళనల్లా డాక్టరనే పిలిచేవారు. మన ఎం.బి.బి.ఎస్. కూడా పేరుకు బ్యాచిలర్ డిగ్రీయే. డాక్టరనడం లోకం యిచ్చిన మర్యాద.

అయితే ఆ లోకం యీ మర్యాద ఆడవాళ్ళకు యివ్వడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. జేమ్స్ బారీ అని ఒక సైనిక వైద్యాధికారి 1812లో ఎడింబరోలో ఎం.డి. పట్టా పుచ్చుకున్నారు. 1826లో కేప్‌టౌన్‌లో కడుపు కోసి బిడ్డను తీస్తే, తల్లీ బిడ్డా యిద్దరూ బతికారు. బారీ 1865లో పోయిన తరవాత తెలిసింది, పుట్టుకతో ఆడపిల్ల అని! మగపేరు, మగవేషం లేకపోతే ఆ రోజుల్లో ఆ పట్టా దక్కేదా?

చిత్రం చూడండి, అదే 1865లో ఎలిజబెత్ గారెట్ అనే ఆవిడ అపోతికరీల సంఘం పరీక్ష నెగ్గింది. ఆ సంఘం శాసనంలో పరీక్షకు రాదగినవారు 'వ్యక్తులు' అని వుంది, 'పురుషులు' అని లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని, కావలిస్తే కోర్టుకెక్కుతామని ఆమె తండ్రి నిలబడ్డాడు. పరీక్ష పెట్టక తప్పలేదు. వెంటనే సంఘంవారు నిబంధనలు మార్చి, వెనక వచ్చేవాళ్ళకు తలుపు మూసేశారు. ఆవిడ 1870లో పారిస్ వెళ్ళి ఎం.డి. తెచ్చుకుంది. అదే ఏడు ఎడింబరోలో పరీక్షకు వెళుతున్న ఆడపిల్లల మీద జనం బురద చల్లారు. చివరికి 1876లో గాని, ఆడవాళ్ళకు వైద్యం పట్టాలివ్వవచ్చునని బ్రిటన్‌లో చట్టం రాలేదు.

దానికి ఒక యేడాది ముందే, 1875లో, మన మద్రాసు వైద్య కళాశాల ఆడవాళ్ళను చేర్చుకుంది! ఆ కొద్దిమందిలో మేరీ షార్లీబ్ ఒకరు. ఆవిడ ఘోషా స్త్రీల బాధ కళ్ళారా చూసి వైద్యానికి వచ్చింది. లండన్‌లో పై చదువు ముగించుకుని తిరిగివచ్చి, 1885లో మద్రాసులో అలాంటి స్త్రీలకోసమే ఆస్పత్రి పెట్టింది. మన గుంటూరుకు 1883లో అమెరికా నుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. 1898లో ఆస్పత్రి నెలకొల్పింది. అలా మన నోట్లో కొత్త మాట పడింది, 'లేడీ డాక్టరు'.

ఆ మాటను ఎగతాళి చేసేవాళ్ళున్నారు. నేను చెయ్యలేను. మా అమ్మమ్మ రొమ్ములో గడ్డను మూడేళ్ళు పమిట చాటున దాచుకుంది. "మగాడికి చూపించుకుంటానా" అనేది. మా ఊళ్ళో లేడీ డాక్టరు లేదు. సంగతి బయటపడేటప్పటికి చేసేందుకు ఏమీ మిగల్లేదు. అలాంటివాళ్ళకు 'లేడీ' అన్నది అలంకారం కాదు, తలుపు మీద రాసిన ధైర్యం.

ఇప్పుడు వైద్య కళాశాలల్లో మన అమ్మాయిలు నిండుగా కూర్చుంటున్నారు. అయినా తెల్లకోటు వేసుకున్న ఆడపిల్లను రోగి తాలూకువాళ్ళు "సిస్టర్, డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అని ఆమెనే అడుగుతూంటారు. ఇంకోవైపు మన పల్లెల్లో 'ఆర్.ఎం.పి. డాక్టరు' వుంటాడు. ఆ అక్షరాలకు అర్థం రిజిస్టరైన వైద్యుడని. వాడుకలో మాత్రం ఏ రిజిస్టరులోనూ లేనివాడికి ఆ పేరు స్థిరపడిపోయింది. చదివిన పిల్లను సిస్టర్ అంటాం, చదవనివాణ్ణి డాక్టరుగారూ అంటాం. అర్ధరాత్రి పిలిస్తే పలికేది అతనే కావచ్చు, కాదనను. కాని సూది గుచ్చేముందు చదువేమిటో అడగడం తప్పు కాదమ్మా.

ఇక మా బోర్డు సంగతి. పట్టా కష్టపడి తెచ్చుకున్నది, తీసెయ్యడానికి మనసొప్పలేదు. ఆ మర్నాడే పెయింటరును పిలిచి పేరు కింద 'తెలుగు అధ్యాపకురాలు' అని రాయించాను. దాని కింద, దగ్గర్లో వున్న ఆస్పత్రికి దారి చూపిస్తూ ఒక బాణం గుర్తు కూడా వేయించాను. రాత్రివేళ బిడ్డను ఎత్తుకువచ్చే తల్లికి కావలసింది మాట పుట్టుపూర్వోత్తరాలు కాదు గదా!