కారు ముఖమున అంకెల పలక

వేగముగా పోవు బండికి ఒక గుర్తు ఉండవలెనని సమాజము మొదటినుండియు కోరుచున్నది. ఆ గుర్తు బండికి ఏ భాగమున ఉండవలెను, ఎంత పెద్దదిగా ఉండవలెను అను వాదమునకు నూట ముప్పది ఏండ్ల చరిత్ర కలదు. స్పోర్ట్సు కారు కొన్నవాడు దాని నునుపైన ముఖమున బెజ్జములు వేసి నంబరు పలకను బిగింపవలసి వచ్చినపుడు ఏల వెనుకాడునో తెలియవలెనన్న, మనము ఆ చరిత్రను కొంత తిరుగవేయక తప్పదు.

1893 ఆగస్టు 14వ తేదీన పారిస్ నగర పోలీసు శాఖ ఒక ఉత్తరువు వెలువరించెను. ప్రతి మోటారు బండికిని ఒక లోహపు పలక ఉండవలెను. దానిపై యజమాని పేరు, చిరునామా, ఒక సంఖ్య స్పష్టముగా వ్రాసియుండవలెను. ఆ పలక బండికి ఎడమప్రక్కన కనబడవలెను. గుర్రపుబండి వడితో పోవు మోటారుకు ఇది చాలియుండవచ్చును. కాని బండి వడి హెచ్చినకొలదిని ప్రక్కనున్న చిన్న అక్షరములను చదువగలవా రెవరు? 1901లో ఫ్రెంచి ప్రభుత్వము మరియొక నిబంధన చేసెను. గంటకు 30 కిలోమీటర్లకు మించి పోగల బండ్లకు సంఖ్య ఇచ్చి, దానిని ముందును వెనుకను చూపవలెనని శాసించెను. ఇచ్చట మనము గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ నిబంధనలో ముందు పలక మెల్లగా సాగు బండికొరకు పుట్టలేదు. వేగముగా సాగు బండికొరకే పుట్టినది. నేడు ఆ పలకను భారముగా తలచు స్పోర్ట్సు కారు వంశమే నాడు దానికి కారణమైనది.

ఇంగ్లండులో 1903 నాటి మోటారు కార్ల చట్టము 1904 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. వేగపు హద్దును గంటకు 20 మైళ్ళకు పెంచిన చట్టమే, ప్రతి కారును నమోదు చేయించి ముందు వెనుకల సంఖ్య చూపవలెననియు విధించెను. కారు నమోదుకు రుసుము ఒక పౌను. మోటారు సైకిలుకు 5 షిల్లింగులు. అనగా పౌరుడు ప్రభుత్వమునుండి వేగమును పొందెను. బదులుగా తన గుర్తును బహిరంగపరచెను. లండనులో ‘ఎ 1’ అను సంఖ్య ఎర్ల్ రస్సెల్‌కు లభించెను. ఆయన తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌కు అన్నగారు. నిఘాకొరకు పుట్టిన అంకె ఆ విధముగా ఆదిలోనే గొప్పతనమునకు చిహ్నమైనది.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 1901లో యజమాని పేరులోని పొడి అక్షరములను బండి వెనుక ఉంచిన చాలునని తలచెను. 1903లో మసాచుసెట్సు రాష్ట్రము తానే పలకలు చేయించి పంచిపెట్టెను. ఆ దేశమున ఈ విషయము రాష్ట్రముల చేతిలోనిది. కాలిఫోర్నియా రెండు పలకలు కోరును. పెన్సిల్వేనియాకు వెనుకటి దొక్కటి చాలును. ఒకే కారు ఒక రాష్ట్రమున నిర్దోషి, మరియొక రాష్ట్రమున అపరాధి!

శాసనము ఎల్లప్పుడును పట్టు విడువనిది కాదు. బ్రిటనులో మోటారు సైకిలు ముందు చక్రపు మడ్‌గార్డుపై నిలువుగా ఒక పలక ఉండెడిది. ప్రమాదమున బాటసారికి తగిలినచో దాని అంచు కత్తివలె కోయు ననుట స్పష్టము. 1975లో ఆ నియమమును తొలగించిరి. ప్రజలరక్షణకై పెట్టిన పలక ప్రజలకే హాని చేయునపుడు అది తప్పుకొనుట న్యాయమే.

కారు విషయము వేరు. 1961 మార్చిలో జెనీవాలో ప్రదర్శితమైన జాగ్వార్ ఇ-టైపును తలచుకొందము. దాని బానెట్టు పొడవైన ఒక్క పెంకు. కొనయందు సన్నని నోరు. గాలి ఆ నోటిగుండ పోయి రేడియేటరును చల్లబరుపవలెను. అడ్డముగా రేకు నిలిపిన అందమునకు లోటు, గాలికి అడ్డు. కనుకనే పలువురు అంకెలను బానెట్టుపైననే అతికించుకొనిరి. అయితే వాలుగా పడుకొన్న అంకె దూరమునుండి నిలువు పలకవలె కనబడదు.

నేటి శిల్పులకు మరియొక ఉపాయము దొరకినది. అనేక కార్ల ముందు బంపరులో చిన్న మూత ఉండును. దాని వెనుక, చెడిన కారును లాగుటకు కొక్కెము బిగించు మరల రంధ్ర మున్నది. ఆ రంధ్రమున ఒక కడ్డీని త్రిప్పి బిగించి, దాని కొనకు పలకను అమర్తురు. బంపరుకు క్రొత్త బెజ్జము పడదు; అవసరమైనపుడు ఊడదీయవచ్చును. కాని మూడు జాగ్రత్తలు వలయును. మరల కొలత ఆ కారుదే కావలెను. కుదుపునకు తిరుగకుండ తాళపు నట్టు గట్టిగా పట్టియుండవలెను. గాలి ద్వారమును గాని, ముందరి దూరమును కొలచు రాడార్ కన్నును గాని పలక కప్పరాదు.

మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు కారునకు ముందు వెనుకల పలకలు విధించుచున్నవి. తెలంగాణ బండ్లకు 2014లో ‘టీఎస్’, 2024లో ‘టీజీ’ అను అక్షరములు వచ్చినను ఈ విధి మారలేదు. ఎదురుగా వచ్చి మనిషిని కొట్టి పోవు కారును చూచువానికి మొదట కనబడునది దాని ముఖమే. దాని అందము యజమానికి ప్రియమైనదే; కాని వీధి అందరిది. పలకను ఏ చీలతో బిగింపవలెనో కారు గలవాడు నిర్ణయించుకొనవచ్చును; బిగింపవలెనా వద్దా యను మాట మాత్రము దారిన నడచువానిది.