‘సగటు ప్యాకేజీ’లో కనిపించేది, కనిపించనిది

ఎంబీఏ, బీబీఏ విద్యార్థులకు మొదట్లోనే ఎదురయ్యే పాఠం వర్ణనాత్మక గణాంకశాస్త్రం. చేతిలో ఉన్న దత్తాంశాన్ని కొద్దిపాటి సంఖ్యల్లో చెప్పడమే దీని పని. నిజానికి విద్యార్థి తరగతిలో అడుగుపెట్టకముందే, కాలేజీ ప్రకటనలోని ‘సగటు ప్యాకేజీ’ రూపంలో దీన్ని చూసి ఉంటాడు. ఆ అంకెను నమ్మి విద్యారుణం తీసుకునే కుటుంబాలూ ఉన్నాయి.

పదిమందికి వచ్చిన వార్షిక జీతాలు లక్షల్లో ఇలా ఉన్నాయనుకుందాం: 4, 4, 4, 5, 5, 6, 6, 7, 9, 50. మొత్తం 100. కాబట్టి అంకమధ్యమం, అంటే మామూలు సగటు, 10 లక్షలు. లెక్కలో తప్పేమీ లేదు. కానీ తొమ్మిది మందికి అంత జీతం రాలేదు! జీతాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, నడుమనున్న 5, 6ల సగటు తీస్తే మధ్యగతం 5.5 లక్షలు. ఎక్కువసార్లు వచ్చిన విలువ, అంటే బాహుళకం, 4 లక్షలు. ఆ 50 లక్షల జీతాన్ని తీసేస్తే సగటు దాదాపు 5.6కు పడిపోతుంది. మధ్యగతం మాత్రం 5 దగ్గరే ఆగుతుంది. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మేనేజ్‌మెంట్ సంస్థల నుంచి మధ్యగత జీతాన్ని అడగడం ఈ దృష్టితో చూస్తే సబబే.

అలాగని సగటు పనికిరానిదేమీ కాదు. ఆ పదిమందికీ ఏటా ఎంత చెల్లించాలో తేలాలంటే సగటును పదితో హెచ్చిస్తే చాలు. మధ్యగతంతో ఆ పని జరగదు.

విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేవి విస్తరణ కొలతలు. గరిష్ఠం నుంచి కనిష్ఠాన్ని తీసేస్తే వ్యాప్తి 46 లక్షలు. ప్రామాణిక విచలనం దాదాపు 13.4 లక్షలు, అంటే సగటు కన్నా ఎక్కువ. జీతాల వంటి రుణాత్మకం కాని విలువల్లో ఇలా వచ్చిందంటే ఒకటి రెండు భారీ సంఖ్యలు సగటును లాగుతున్నాయని అనుమానించాలి. (పదిమందిని పెద్ద సమూహం నుంచి తీసిన నమూనాగా భావిస్తే పదికి బదులు తొమ్మిదితో భాగిస్తారు, అప్పుడు 14.1 వస్తుంది.)

ఇక ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉండేది హారం. పై జాబితా ఉద్యోగం వచ్చినవారిది మాత్రమే. తరగతిలో ఇరవై మంది ఉండి, ఉద్యోగం రాని పదిమందికి సున్నా వేస్తే సగటు 5 లక్షలకు, మధ్యగతం 2 లక్షలకు దిగుతాయి.