మన జిల్లాల్లో బీడీ పొగ: కొంత చరిత్ర

సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక అచ్చు వేయాలని మన దేశంలో చట్టం వచ్చింది 1975లో. కాని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో సిగరెట్టు ఎందరి చేతిలో ఉండేది? హైదరాబాదులో తయారయ్యే చార్మినార్ పెట్టె నౌకరీదార్ల జేబులో కనిపించేది. పొలం గట్టున, మగ్గం దగ్గర, బజారులో కాలింది ఎక్కువగా బీడీయే. ఆ చట్టం బీడీ జోలికి పోలేదు. బీడీ కట్ట మీదికి బొమ్మతో హెచ్చరిక వచ్చేసరికి 2009 మే 31 అయింది. ఈ 34 సంవత్సరాల ఆలస్యం మన ఇళ్లలో ఏం చేసిందో సభ్యులు ఒకసారి ఆలోచించాలి.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అక్బరు పాదుషా చివరి రోజుల్లో అసద్ బేగ్ అనే ఉద్యోగి దాన్ని మన దక్కనులోని బీజాపూరు నుంచే దర్బారుకు పట్టుకుపోయాడు. వైద్య గ్రంథాల్లో లేని వస్తువని ఆస్థాన హకీము అడ్డం చెప్పాడు. పాదుషా రెండు మూడు దమ్ములతో ఊరుకున్నా అమీర్లు మరిగారు. 1617లో జహంగీరు నిషేధించినా అలవాటు ఆగలేదు. హకీము అనుమానం నిజమని తేలడానికి సుమారు మూడున్నర శతాబ్దాలు పట్టింది. 1950లో ఇంగ్లాండులో డాల్, హిల్ అనే ఇద్దరు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కాన్సరుకూ ఉన్న సంబంధం చూపారు.

ఇక బీడీ సంగతి. ఆదిలాబాదు అడవుల్లో ఎండాకాలం తునికాకు కోస్తారు. 50 ఆకులు ఒక కట్ట. 1971 చట్టంతో ఈ వ్యాపారం సర్కారు చేతికి వచ్చింది. అటవీ శాఖ కాగితాల్లో దాని పేరు ఆబ్నూస్ ఆకు. ఆ ఆకు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ఇళ్లలో ఆడవాళ్ల ఒడిలోని చాటలోకి చేరింది. బీడీ పైసలతో పిల్లల ఫీజులు కట్టిన ఇళ్లు, ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన ఇళ్లు మనలోనే ఎన్నో. అన్నం పెట్టే వస్తువును ఆ ఇంట్లోనే చెడ్డదని ఎవరంటారు?

అందుకే బీడీలో తంబాకు తక్కువ, అడవి ఆకు మంచిదే అనే మాట నిలిచిపోయింది. తంబాకు తక్కువే, నిజం. కాని తునికాకు సరిగా కాలదు. ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికి గుంజాలి. దానితో తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టు కంటె ఎక్కువే లోపలికి పోతాయి. తమిళనాడులో చనిపోయిన 43,000 మంది మగవారి వివరాలను 35,000 మంది బతికున్నవారితో పోల్చి 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. పొగ తాగేవారిలో క్షయ మరణాలు తాగనివారికంటె సుమారు నాలుగింతలని తేలింది. అంటే కాన్సరు ఒక్కటే కాదు, మనకు బాగా తెలిసిన టీబీయే పొగతో ప్రాణం తీస్తుంది.

రోగి సేవ దగ్గర ఇది ముఖ్యం. "సిగరెట్టు తాగుతవా?" అని డాక్టరు అడిగితే "లేదు సార్, బీడీయే" అనే జవాబు వస్తుంది, లేదా లేదు అనే ఒక్క మాటే. వెంట పోయినవారు రోజుకు ఎన్ని కట్టలో చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. టీబీ మందులు మింగుతూ బీడీ తాగితే మందుల పని చెడుతుంది. ఇంట్లో ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర అగ్గిపుల్ల గీయరాదు, మంట క్షణంలో అంటుకుంటుంది. నోటి పుండు మానకుంటే నాటు మందులతో నెలలు గడపక, 1955లో మొదలై మెహదీ నవాజ్ జంగ్ పేరు మోస్తున్న హైదరాబాదు కాన్సరు దవాఖానకు తీసుకుపోవచ్చు.

చుట్టేవారి మాట కూడా చెప్పాలి. తంబాకు దుమ్ముకు దగ్గు, కళ్ల మంట వారికి మామూలే. 1976 చట్టాలతో బీడీల మీద సెస్సు వేసి కార్మికుల దవాఖానలు, పిల్లల స్కాలర్‌షిప్పులు నడిపారు. తాగేవాడు ఎంత తాగితే చుట్టేవారి మందులకు అంత పైసలన్నమాట! 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు పోయింది. అంతకు ముందే, 2015లో, తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను షురూ చేసింది. 2019లో అది 2,016 అయింది.