మాటల పొట్లములు

ఉత్తరము నాలుగు దినములు ఆలస్యముగా చేరినను దాని విలువ తగ్గదు. సంభాషణ అట్టిది కాదు. "బాగున్నావా నాయనా?" అని తల్లి అడిగిన పిమ్మట బదులు ఒక్క క్షణము జాగైనచో ఆమె మరల అడుగును. సరిగా అప్పుడే కుమారుని బదులు వచ్చి ఆమె రెండవ ప్రశ్నపై పడును. ఇరువురును ఆగుదురు, ఇరువురును మరల ఒక్కసారి మొదలుపెట్టుదురు. ఇంటర్నెట్టు మొదట యంత్రముల నడుమ లెక్కలను, వ్రాతలను చేరవేయుటకై ఏర్పడినది. దానిపై మాటను నడిపించుటకు జరిగిన యాభై యేండ్ల కృషిని శ్రోతలకు మనవి చేయుట మా ఉద్దేశము.

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినది మొదలు సుమారు నూరేండ్లు ఒకే పద్ధతి నడచెను. ఇద్దరు మాటలాడుచున్నంతసేపు వారి నడుమ ఒక మార్గము వారికే ప్రత్యేకింపబడి యుండెడిది. వారు మౌనముగా నున్నను అది ఇతరులకు దక్కదు. ఆ ఏర్పాటు ఖరీదైనది, కాని నమ్మకమైనది. 1960 దశకమున అమెరికాలో పాల్ బేరన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ వేర్వేరుగా మరొక దారి చూపిరి. సమాచారమును చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకు చిరునామా తగిలించి, అందరికిని ఉమ్మడియైన దారిలో పంపవచ్చునని వారు నిరూపించిరి. వానికే ప్యాకెట్లని పేరు; మనము పొట్లములందము. 1969లో అమెరికాలో ఆరంభమైన ఆర్పానెట్ ఈ పద్ధతినే అనుసరించెను.

మాటను పొట్లము కట్టుటకు మొదటి అడ్డంకి దాని పరిమాణము. నాటి టెలిఫోను పద్ధతిలో మాటను అంకెలుగా మార్చవలెనన్న సెకనుకు 8,000 సార్లు కొలిచి, మొత్తము 64,000 బిట్లు పంపవలెను. ఆర్పానెట్ తీగల శక్తియో సెకనుకు 50,000 బిట్లు మాత్రమే. అందుచే పరిశోధకులు ధ్వనిని యథాతథముగా పంపుట మాని, గొంతును నోరును ధ్వనిని మలచు తీరును కొద్ది అంకెలలో వర్ణించి పంపిరి. 1974 డిసెంబరులో కాలిఫోర్నియాలోని గోలీటాకును, మాసచూసెట్స్‌లోని లింకన్ ప్రయోగశాలకును నడుమ సెకనుకు 3,500 బిట్లతోనే సంభాషణ జరిగెను. పొట్లములపై నడచిన మొదటి ప్రత్యక్ష సంభాషణగా చరిత్రకారులు దీనిని పేర్కొందురు.

రెండవ అడ్డంకి మరింత సూక్ష్మమైనది. అదే 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ప్రకటించిన టీసీపీ అను నియమావళి ప్రకారము, దారిలో పోయిన పొట్లమును మరల తెప్పించి, వరుస కుదిరిన పిమ్మటనే మిగిలినవానిని అందించవలెను. వ్రాతకు ఇది రక్ష. మాటకు ఇది శిక్ష. పోయిన ఒక్క అక్షరము కొరకు వెనుక వచ్చు వాక్యమంతయు వేచియుండవలసి వచ్చును. ఆలస్యమైన మాటకంటె పోయిన మాటయే మేలని డానీ కోహెన్ వంటి ధ్వని పరిశోధకులు పట్టుబట్టిరి. ఫలితముగా 1978లో ఆ నియమావళి రెండుగా చీలినది. చిరునామా చూచి పొట్లమును పంపు పని ఐపీకిని, లోపములను సరిదిద్దు పని టీసీపీకిని వచ్చెను. సరిదిద్దుట అక్కరలేని వారికి 1980 ఆగస్టులో యూడీపీ అను మూడు పుటల నియమావళి వెలువడినది. నేటికిని ఇంటర్నెట్టు మాటలు సామాన్యముగా దానిపైననే సాగుచున్నవి.

మాటలాడువాని ఫోను సామాన్యముగా సెకనుకు 50 పొట్లములు సమానమైన ఎడముతో పంపును. అవి చేరునప్పుడు ఆ ఎడము నిలువదు. అందుచే వినువాని యంత్రము వానిని కొద్దిసేపు నిలువచేసి, వరుసగా వినిపించును. ఎక్కువసేపు నిలిపినచో సంభాషణ తడబడును. తక్కువసేపు నిలిపినచో మాట తెగును. ఒక వైపు ఆలస్యము సెకనులో వెయ్యింట 150 వంతులు మించకుండుట మేలని అంతర్జాతీయ టెలికాం సంఘము సూచించినది. పొట్లములకు వరుస సంఖ్యయు, కాలమును ముద్రించు ఆర్‌టీపీ నియమావళి 1996లో వచ్చెను. 1995లో వోకల్‌టెక్, 2003లో స్కైప్ ఈ విద్యను గృహములకు తెచ్చినవి. స్కైప్ 2025 మే నెలలో మూతపడినది.

మొబైల్ డేటాపై మాట నడపుట ఇంకను కఠినము. గాలిలోని తరంగము గోడచేతను, కొండచేతను, దూరముచేతను క్షీణించునని రేడియో శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. దెబ్బతిన్న ముక్కను టవరు మరల పంపును. పొట్లము చేరును, కాని ఆలస్యమగును. బస్సులో పోవువాని ఫోను ఒక టవరు విడిచి మరొకటి పట్టుకొనునప్పుడు మాట తెగవచ్చును. ఇంటి వైఫై నుండి మొబైల్ డేటాకు మారినచో ఫోను చిరునామాయే మారిపోవును.

2009లో స్టాక్‌హోమ్, ఓస్లో నగరములలో ఆరంభమైన 4జీలో మాటకై ప్రత్యేకించిన పాత మార్గమే లేదు, సర్వమును పొట్లములే. అందుచే వోల్టీ అను ఏర్పాటున మాటల పొట్లములకు ముందు నడచు హక్కు నొసగిరి. 2012లో అది దక్షిణ కొరియా, అమెరికాలలో వాడుకకు వచ్చెను. మన దేశమున 2016 సెప్టెంబరులో ఆరంభమైన జియో సేవ మొదటినుండి దానిపైననే నడచినది. యాప్‌ల ద్వారా పోవు పిలుపులకు సామాన్యముగా ఈ హక్కు లేదు. అవి సినిమాలతోను, చిత్రములతోను కలసి పోవలెను. వానికి నేర్పే దిక్కు. 2012లో ప్రమాణమైన ఓపస్ పద్ధతి, దారి ఇరుకైనచో సెకనుకు 6,000 బిట్లకు కుదించుకొనును. పోయిన ముక్క స్థానమున ముందరి ధ్వనిని బట్టి ఊహించి పూరించును.

ఇంటర్నెట్టు టెలిఫోనును మన ప్రభుత్వము 2002 ఏప్రిల్‌లో అనుమతించినది. అంతకు ముందు కడప, కోనసీమ ప్రాంతముల నుండి కువైటు పోయినవారి గొంతు వినవలెనన్న ఎస్‌టీడీ బూతులో నిమిషములు లెక్కించుకొనవలసి వచ్చెడిది. నేడు లెక్కింపదగినది రూపాయలు కాదు, ఎదుటివారి మాట అందునా అన్నదే. పిలుపు తెగుచున్నచో బొమ్మను ఆపి మాటను మాత్రము ఉంచుడు. కిటికీ దగ్గర నిలకడగా నిలువుడు. ఇంటిలో మరొకరు సినిమా దింపుకొనుచున్నచో కొంచెము ఆగుమనుడు. ఇరుకు దారిలో మాట ముందు పోవుటకు చోటిచ్చుట మన చేతిలోని పనియే.