పిల్లల వైకల్య చికిత్సలకు ఆర్థిక వనరులు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

ఎదుగుదలలో జాప్యం లేదా వైకల్యం ఉన్న పిల్లలకు ఏళ్ల తరబడి ఇప్పించాల్సిన ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ, బిహేవియర్ థెరపీ, ప్రత్యేక విద్య వంటి సేవల ఖర్చుకు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ప్రభుత్వ పథకాలు, బీమా, పన్ను రాయితీలు, ఇతర మార్గాలు ఈ వ్యాస విషయం. ఈ ఖర్చు కోసమే పెట్టిన పథకం అంటూ ఒకటి కనిపించదు. ఆరోగ్యం, విద్య, సంక్షేమం, ఆదాయపు పన్ను శాఖల కింద విడివిడిగా ఉన్నవాటిని తల్లిదండ్రులే పోగుచేసుకోవాలి. స్థూలంగా చూస్తే ఆపరేషన్‌కు, పరికరానికి, పింఛనుకు డబ్బు దొరికినంత తేలిగ్గా సెషన్ల లెక్కన సాగే చికిత్సకు దొరకదు.

చట్టం, సదరం

వికలాంగుల హక్కులకు తొలి కేంద్ర చట్టం 1995 నాటిది. 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చినందువల్ల కొన్ని పుస్తకాల్లో 1996 చట్టమని కూడా కనిపిస్తుంది. అందులో గుర్తించిన వైకల్యాలు ఏడు. ఆటిజం వాటిలో లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలను తన పరిధిలోకి తెచ్చింది. 2016 హక్కుల చట్టం (అమలు 2017 ఏప్రిల్ 19 నుంచి) జాబితాను 21కి పెంచింది.

ఈ చట్టంలోని 25వ సెక్షన్ ఉచిత వైద్యం గురించి చెబుతుంది కానీ కుటుంబ ఆదాయానికి ముడిపెట్టింది. పునరావాస సేవల గురించి చెప్పే 27వ సెక్షన్‌లో ప్రభుత్వాలు తమ ఆర్థిక స్తోమత మేరకు ఆ పని చేయాలని ఉంది. థెరపీ ఖర్చు హక్కా, దయా అన్న వాదన వచ్చినప్పుడల్లా ‘స్తోమత మేరకు’ అన్న ఆ మాట అడ్డుపడుతుంది. చట్టాన్ని పొగిడే వ్యాసాలు దీన్ని సాధారణంగా ప్రస్తావించవు.

చాలా పథకాలకు 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. 2009–10 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకోసం తయారైన సాఫ్ట్‌వేరే సదరం. తర్వాత ఆ పేరు సర్టిఫికెట్‌కూ, క్యాంపుకూ స్థిరపడిపోయింది. ‘సదరం అయిందా?’ అని ఊళ్లో అడిగితే శాతం వేశారా అని అర్థం. ఇప్పుడు దీనితో పాటు దేశవ్యాప్త యూడీఐడీ (వికలాంగుల విశిష్ట గుర్తింపు) కార్డు ఉంది.

ఆటిజానికి శాతం లెక్కించే ‘ఇసా’ కొలమానం సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో (ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ) తయారైంది. ఇందులో 40 అంశాలుంటాయి. మొత్తం కనీసం 70 మార్కులు రాకపోతే ఆటిజం కింద లెక్కలోకి రాదు. చిక్కేమిటంటే, చిన్న వయసులో మొదలుపెట్టిన చికిత్స బాగా పనిచేసి మార్కులు తగ్గితే మళ్లీ పరీక్షించినప్పుడు శాతమూ తగ్గవచ్చు. అప్పుడు ఆ చికిత్సకు ఆసరాగా ఉన్న పింఛను కూడా ప్రశ్నార్థకమవుతుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా తాత్కాలిక సర్టిఫికెటే ఇస్తారు కాబట్టి ఈ బెడద వాళ్లకే ఎక్కువ.

నిరామయ

సెషన్ల ఖర్చును పేరు పెట్టి చేర్చిన ప్రభుత్వ బీమా బహుశా ఇదొక్కటే. నేషనల్ ట్రస్ట్ దీన్ని నడుపుతుంది. 2008లో కొన్నిచోట్ల ప్రయోగంగా మొదలై తర్వాత దేశమంతటికీ విస్తరించింది. ప్రారంభ సంవత్సరం 2008 అని ఒకచోట, 2009 అని ఒకచోట కనిపించడానికి ఈ రెండు దశలే కారణం కావచ్చు. ఇక్కడ ముందుదాన్నే తీసుకున్నాం.

ట్రస్ట్ పరిధిలోని నాలుగు వైకల్యాలకే ఇది వర్తిస్తుంది. వినికిడి లోపం ఒక్కటే ఉన్న పిల్లవాడికి, కండరాల క్షీణత ఉన్న పిల్లకు ఇందులో చోటు లేదు. వయసుతో నిమిత్తం లేదు, చేరేముందు వైద్య పరీక్ష లేదు, అప్పటికే ఉన్న జబ్బు అన్న అభ్యంతరం లేదు. ప్రైవేటు బీమా తలుపులు మూసేది సరిగ్గా ఈ కారణాలతోనే. పేద కుటుంబాలకు చేరిక రుసుము 250 రూపాయలు, మిగతావారికి 500. ఏటా పునరుద్ధరణకు 50, 250. ఏడాదికి మొత్తం లక్ష రూపాయల వరకు రక్షణ అంటారు.

అయితే ఆ లక్షను విడివిడి గదులుగా కట్టారు. పాత పట్టికల ప్రకారం శస్త్రచికిత్స, ఆస్పత్రిలో చేరికకు 70,000, ఓపీ వైద్యానికి 14,500, నిరంతర థెరపీలకు 10,000, ప్రత్యామ్నాయ వైద్యానికి 4,500, ప్రయాణ ఖర్చులకు 1,000. ఒక గదిలో మిగిలింది మరో గదిలోకి రాదు. ఉపపరిమితులు సవరణకు లోబడి ఉంటాయి కాబట్టి చేరే ఏడాది పట్టికను చూసుకోవాలి. సెషన్‌కు 500 అనుకుంటే 10,000కు ఇరవై సెషన్లు. వారానికి మూడు చొప్పున వెళ్లే బిడ్డకు అవి రెండు నెలలు కూడా రావు.

డబ్బు ముందు కట్టి, తర్వాత బిల్లులు పంపి రాబట్టుకోవాలి. క్లెయిమ్‌కు గడువుంటుంది. కేంద్రం ఇచ్చిన రసీదుపై థెరపిస్టు సంతకం, రిజిస్ట్రేషన్ సంఖ్య, తేదీల వారీ సెషన్ల వివరం లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది. స్పీచ్ థెరపిస్టులకు, ప్రత్యేక ఉపాధ్యాయులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ (1992 చట్టం) ఇచ్చే సంఖ్య ఉంటుంది. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ కౌన్సిల్ కిందికి రారు. వారికి జాతీయ స్థాయి చట్టం 2021లో గానీ రాలేదు. అందుకే రిజిస్ట్రేషన్ గడిలో ఏం రాయాలో తెలియక చాలామంది ఖాళీగా వదిలేసేవారు. వీధిలో చిన్న గదిలో నడిచే థెరపీ సెంటర్లు కొన్ని తెల్లకాగితం మీదే రసీదు రాసిస్తాయి. దానితో క్లెయిమ్ దాదాపు అసాధ్యం.

ఆపరేషన్‌తో పాటు వచ్చే చికిత్స

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరే రోగాలకు ఉద్దేశించింది. థెరపీల విషయంలో దాని పాత్ర స్వల్పమే. ఒక మినహాయింపు మాత్రం విస్తారంగా చెప్పుకోదగ్గది, అది కాక్లియర్ ఇంప్లాంట్. పుట్టుచెవుడు ఉన్న పిల్లల చెవిలో పరికరం అమర్చడంతో పని పూర్తి కాదు. దాన్ని స్విచాన్ చేయాలి, పలుమార్లు మ్యాపింగ్ (పరికరాన్ని బిడ్డ వినికిడికి తగ్గట్టు సరిచేయడం) చేయాలి, శబ్దాన్ని మాటగా గుర్తించడం నేర్పే ఆడిటరీ వెర్బల్ థెరపీ ఇప్పించాలి. ఈ సంగతి గుర్తించి ఆపరేషన్ తర్వాతి మ్యాపింగ్, థెరపీలను కూడా ఏడాదిలో నాలుగు విడతల ప్యాకేజీగా పథకంలో చేర్చారు. శస్త్రచికిత్సకు తోకగానైనా సరే, థెరపీకి ప్రభుత్వం సొమ్ము చెల్లించిన ఉదాహరణల్లో ఇది ముఖ్యమైనది. ఎన్నేళ్ల లోపు పిల్లలకు ఇవ్వాలన్న నిబంధన పలుమార్లు మారింది.

కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఏడిప్ పథకం కింద కూడా ఈ ఇంప్లాంట్ వస్తుంది. 2014 సవరణ నాటికి ఒక్కో బిడ్డకు 6 లక్షల వరకు పరిమితి పెట్టారు. పుట్టుకతో వినపడని అయిదేళ్ల లోపు పిల్లలకు ప్రాధాన్యం. వీల్‌చైర్లు, క్యాలిపర్లు, వినికిడి యంత్రాలు, బోధన సామగ్రి కూడా ఆదాయ పరిమితిని బట్టి ఇందులోనే ఇస్తారు.

రెండు పథకాల్లోనూ తర్వాతి కాలం బరువు కుటుంబానిదే. వారంటీ ముగిశాక తల వెనుక ఉండే కాయిల్, దాని తీగ, బ్యాటరీలు, ప్రాసెసర్ మరమ్మతు ఖర్చు మీద పడతాయి. పల్లెటూళ్లో తీగ తెగి వారాల తరబడి పరికరం పనిచేయకపోతే ఏడాదిపాటు ప్రభుత్వం ఇప్పించిన థెరపీ ఫలితం దెబ్బతింటుంది. ఆపరేషన్ల సంఖ్యను ఘనంగా చూపే నివేదికల్లో ఈ భాగం అరుదు.

భవిత, డీఈఐసీ

నగదు చేతికి రాకపోయినా సేవ ఉచితంగా దొరికే చోట్లు రెండు. మొదటిది మండల స్థాయి భవిత కేంద్రాలు. సమగ్ర శిక్ష కింద నడిచే వీటిలో ఐఈఆర్పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) పిల్లలకు చదువు, రోజువారీ పనులు నేర్పుతారు. ఫిజియోథెరపిస్టు వారంలో నిర్ణీత రోజున వస్తారు. ఒకే ఫిజియో నాలుగైదు మండలాలు తిరుగుతుంటే ఒక్కో బిడ్డకు దక్కేది ఎంతో ఊహించవచ్చు. కదల్లేని పిల్లల ఇంటికే వెళ్లి నేర్పే ఏర్పాటు, తోడు వచ్చేవారికి, రవాణాకు భత్యం ఉన్నాయి. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఏడాదికి తలకు 3,500 రూపాయల చొప్పున లెక్కగడతారు. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్ అదనం. 3,500 అనేది బడ్జెట్ లెక్క మాత్రమే. అది పాపకు విడిగా అందే సొమ్ము అనుకుని అడగడానికి వెళ్లే తల్లిదండ్రులు నిరాశపడతారు.

రెండోది జిల్లా సత్వర చికిత్సా కేంద్రం, అంటే డీఈఐసీ. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షించి పిల్లల్ని ఇక్కడికి పంపుతాయి. సిబ్బంది పూర్తిగా ఉన్న చోట ఒకే కప్పు కింద అన్ని థెరపీలు దొరుకుతాయి. లేనిచోట పరీక్షతోనే సరి. రాష్ట్ర ప్రభుత్వ పరిధికి బయట, కేంద్రం నడిపే బోయినపల్లి జాతీయ సంస్థ, నెల్లూరు సీఆర్‌సీ (కాంపోజిట్ రీజినల్ సెంటర్) తక్కువ రుసుముకు, ఆదాయాన్ని బట్టి ఉచితంగా సేవలందిస్తాయి. దూరం నుంచి వచ్చేవారికి అసలు ఖర్చు బస్సు చార్జీ, పోయిన కూలి.

పింఛను

ఆచరణలో ఎక్కువ పేద కుటుంబాల్లో థెరపీ ఫీజు కట్టేది పింఛను డబ్బే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. చిన్నపిల్లలకూ వర్తిస్తుంది. ఈ సొమ్మును ఎలా వాడాలన్న షరతు లేకపోవడం దీని బలం. మిగతా ఏ పథకమూ ఇంత స్వేచ్ఛ ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన సర్టిఫికెట్ల పునఃపరిశీలనలో శాతం తగ్గి నోటీసులు అందుకున్నవారు ఆందోళనకు దిగారు, అప్పీలుకు అవకాశమిచ్చారు.

బీమా, పన్ను రాయితీ

ప్రైవేటు ఆరోగ్య బీమాలో నిబంధనలు కాగితం మీద మెరుగయ్యాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం, శారీరక రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ, నాడీ ఎదుగుదల లోపాలను పాలసీ నుంచి మొత్తంగా మినహాయించకూడదని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో వికలాంగులకు పాలసీ అందుబాటులో ఉంచాలని కంపెనీలను ఆదేశించింది. అయితే సాధారణ పాలసీ ఆస్పత్రిలో పడకెక్కితేనే చెల్లిస్తుంది. థెరపీ ఓపీ వ్యవహారం. మినహాయింపు తీసేసినా లాభం అందకపోవడానికి కారణం ఇదే. ఓపీ రక్షణ ఉన్న కొన్ని ఉద్యోగ సంస్థల గ్రూపు పాలసీలు మాత్రం ఇందుకు భిన్నం.

ఆదాయపు పన్ను కట్టేవారికి 1961 చట్టంలో 80డీడీగా ఉన్న సెక్షన్ కింద, ఆధారపడిన బిడ్డ వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉంటే 75,000, 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. అసలు ఖర్చు ఎంతైనా ఈ మొత్తమే. పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది కాబట్టి కొత్త విధానానికి మారిన జీతగాళ్లు దీన్ని కోల్పోయారు. ఇదే సెక్షన్ కింద ఒక జీవిత బీమా పాలసీ ఉండేది. తల్లిదండ్రి మరణించాకే బిడ్డకు డబ్బు వచ్చేది. బతికుండగానే ఇవ్వాలని దాఖలైన పిటిషన్‌ను 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆమోదించలేదు, కానీ ప్రభుత్వం పునరాలోచించాలంది. 2022 ఆర్థిక చట్టం, తల్లి లేదా తండ్రికి 60 ఏళ్లు నిండాక సొమ్ము అందే పాలసీలనూ అనుమతించింది.

ఇతర మార్గాలు

ముఖ్యమంత్రి సహాయనిధి ఆస్పత్రి బిల్లులకే ఎక్కువగా పనికొస్తుంది. వెన్నెముక కండరాల క్షీణతకు వాడే 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ కోసం ఆన్‌లైన్ చందాలు పోగైన సందర్భాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. నెలనెలా స్పీచ్ థెరపీకి చందా అడిగితే అంత స్పందన రాదు. స్వచ్ఛంద సంస్థలు ఫీజు తగ్గించడం ఉంది, ఊరిని బట్టి ఉంటుంది.

వలస వెళ్లిన తెలుగు కుటుంబాల పరిస్థితి వేరు. అమెరికాలో 1975 నాటి విద్యా చట్టం బడి ద్వారా థెరపీలకు దారి వేసింది. 2001లో ఇండియానాతో మొదలై ఆటిజం చికిత్సకు బీమా చెల్లించాలన్న రాష్ట్ర చట్టాలు క్రమంగా దేశమంతా వచ్చాయి. ఆస్ట్రేలియాలో 2013లో ప్రయోగంగా మొదలైన జాతీయ వైకల్య బీమా పథకం థెరపీ గంటలకు నేరుగా డబ్బిస్తుంది. ప్రధానంగా పౌరులకు, శాశ్వత నివాసులకు అది వర్తిస్తుంది. తాత్కాలిక వర్క్ వీసా, విద్యార్థి వీసాలపై ఉన్నవారు పూర్తి రుసుము తామే కట్టుకోవాలి, లేదా ప్రైవేటు బీమా ఎక్స్‌ట్రాల్లో దొరికే కొద్ది సెషన్లతో సరిపెట్టుకోవాలి.