ధర్మపురి శేషప్ప పద్యం ప్రార్థన ఎట్లైంది?

ఇయ్యాల మన గోదారి ఒడ్డు కవి గురించి చెప్తా. పేరు శేషప్ప. ఊరు ధర్మపురి. నిన్నమొన్నటి దాకా కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. గోదారి దాటితే పాత ఆదిలాబాద్.

సుమారు 200 ఏళ్ల కింద, ఆ ఊరి నరసింహస్వామి మీద శేషప్ప ఒక శతకం రాసిండు. అదే నరసింహ శతకం. అన్నీ సీసపద్యాలే. సీసం అంటే పొడుగు పద్యం, రాగం తీసి చదవడానికి మస్తు అనువుగా ఉంటది.

మంచి కవిత రాయంగనే ప్రార్థన అయితదా? కాదు. దాన్ని జనం నోటికి చేర్చేది ఏదో ఒకటి కావాలె. స్కాట్లాండ్‌ల ఎలిజబెత్ క్లెఫేన్ అనే కవయిత్రి ఉండేది. 1869లో చనిపోయింది. 1874లో ఐరా శాంకీ అనే గాయకుడు గ్లాస్గో నుంచి ఎడిన్‌బరోకు రైల్లో పోతూ, పత్రికలో ఆమె కవిత చూసిండు. ఎడిన్‌బరో సభలో బాణీ కట్టి పాడిండు. అది లోకమంతా తిరిగింది.

మరి శేషప్పకు శాంకీ ఎవరు? నన్నడిగితే మకుటమే. ప్రతి పద్యం చివర స్వామి పేరు, ధర్మపురి పేరు వస్తయి. పద్యం మర్చిపోయినా మకుటం నాలుక మీద ఉంటది. ధర్మపురిని ఎన్నడూ చూడనోళ్లు కూడా ఆ ఊరి పేరు తలుచుకుంటరు.

ధర్మపురిల యమధర్మరాజుకు కూడా గుడి ఉంది. "ధర్మపురికి పోతే యమపురి లేదు" అని మనోళ్ల సామెత. శేషప్ప పద్యాల్లో ఒకటి సరిగ్గా ఆ భయం మీదనే. యమదూతలు వచ్చినప్పుడు, గొంతుకు కఫం అడ్డంపడితే నీ పేరు పలుకుతనో లేదో స్వామీ, అందుకే ఇప్పుడే పిలుస్తున్న అంటడు.

మా అవ్వకు చదువు రాదు. కానీ ఈ పద్యం పొద్దుగాల బాయికాడికి పోతూ చదివేది. చివరి రోజుల్లో ఆమెకు మాట పడిపోయింది. పక్కన కూసొని నేను చదువుదామంటే సగమే గుర్తొచ్చింది. మిగతాది ఫోన్‌ల వెతికి చదివిన. అప్పుడు సమజైంది: అవ్వ నోరు ఆగకముందే, ఏండ్ల తరబడి ఆ పిలుపు పిలిచి పెట్టుకుంది. శేషప్ప చెప్పింది కూడా అదే కదా.

మీ ఇంట్ల పెద్దోళ్లకు ఏ పద్యం వస్తదో ఇయ్యాల్నే అడగండి. వాళ్ల గొంతుతోనే రికార్డ్ చేసుకోండి. మళ్లీ కలుద్దాం.