గంజాం గాలి, బరంపురం వెనక సందు

బరంపురం గురించి మనం ఇంతవరకు రాసుకున్నవన్నీ కమ్మటి వాసన వేసే సంగతులే. మొగలిపూలు, పట్టుచీరలు, అప్పడాలు, ఊరగాయలు. వేసవి సెలవులకి ఊరెళ్లొచ్చిన పిల్లలు మాత్రం ఏటా ఇంకో వాసన సంగతి అడుగుతారు. సాయంత్రం అయ్యేసరికి పాత వీధుల్లో అంత కంపెందుకు అని. "ఎండలు కదమ్మా" అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. ఎండలన్నది సగం జవాబే. మిగతా సగం కోసం రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి, మన ఇళ్ల పెరటి గుమ్మం దాకా కూడా వెళ్లాలి.

ముందు ఎండ సంగతి చూసేద్దాం. మురుగులో పడ్డ ఎంగిలి, మలం, ఆకూ అలమూ అన్నిటినీ సూక్ష్మజీవులు తిని కుళ్లబెడతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి పని సుమారు రెట్టింపవుతుంది. పుష్యమాసంలో రెండు రోజులు పట్టే కుళ్లు వైశాఖంలో ఒక్కరోజులో అయిపోతుందన్నమాట. పైగా వేడినీరు ప్రాణవాయువుని పట్టి ఉంచుకోలేదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండేది, 35 డిగ్రీలకి 7 మిల్లీగ్రాములకి పడిపోతుంది. ఆ కాస్తా ఖర్చయిపోయాక, గాలి అక్కర్లేకుండా బతికే సూక్ష్మజీవులదే రాజ్యం. అవి వదిలేదే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు కంపు. వానాకాలం అయితే కొట్టుకుపోయే మురుగు, ఎండాకాలం కాలవలో నీరు లేక అక్కడే కూర్చుంటుంది. సాయంత్రమే ఎందుకంటే, పగలు నేల కాగి గాలి పైకి లేస్తూ వాసనని కూడా మోసుకుపోతుంది. పొద్దుగూకి గాలి పడిపోతే ఇరుకు వీధిలో కంపంతా కిందే పేరుకుంటుంది.

ఇంతవరకు ఏ ఊళ్లోనైనా ఒకటే. ఆ మురుగు అక్కడికి ఎలా వచ్చింది, దాన్ని ఎవరు తీశారు అన్నదే ఊరూరికీ వేరు.

జిల్లాకి పేరిచ్చిన గంజాం ఊరు ఇప్పుడు జాతీయ రహదారి మీద వెళుతుంటే రెప్పపాటులో దాటిపోయే చిన్న ఊరు. ఒకప్పుడు అలా కాదు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట కోట, ఓడల రాకపోకలు, ఉప్పు వ్యాపారం, కంపెనీ దొరల బంగళాలు, జిల్లా కచ్చేరీ, అన్నీ అక్కడే ఉండేవి. 1815లో ఆ ఊరిమీద జ్వరాలు పడ్డాయి. జనం రాలిపోయారు, దొరలు భయపడ్డారు, కచ్చేరీ లేచిపోయింది. చివరికి ఛత్రపురంలో కుదురుకుంది. అంత పెద్ద బరంపురం పక్కనుండగా జిల్లా కేంద్రం చిన్న ఛత్రపురంలో ఎందుకుందని కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. ఆ కథ మొదలు ఈ జ్వరాలే.

ఊరు ఎత్తేసేంత భయం దేనికి? అప్పటి వైద్యం ప్రకారం జ్వరం వచ్చేది గాలివల్ల. బురదనేలల్లోంచి, కుళ్లులోంచి లేచే చెడ్డ ఆవిరి మనిషికి సోకితే జ్వరం. మలేరియా అన్న మాటకి ఇటలీ భాషలో అర్థమే చెడ్డగాలి. ఇది దొరల వెర్రే అనుకోకండి. "గాలి సోకింది", "గాలీ ధూళీ" అని మనవాళ్లూ అనేవారు కదా. వాసన వస్తే ముక్కు మూసుకోవడం, వాసన ఉన్న చోటు వదిలి పోవడం, అప్పటి నివారణంతా అదే.

గంజాం దగ్గర వాసనకి లోటేమీ లేదు. సముద్రపు పోటునీరు ఎక్కి దిగే నదీముఖాల్లో ఎక్కడైనా అంతే. ఉప్పునీటిలో సల్ఫేటు దండిగా ఉంటుంది. బురదలో గాలి ఆడదు. ఆ సల్ఫేటుతో బతికే సూక్ష్మజీవులు అదే కోడిగుడ్డు కంపుని తయారుచేస్తాయి. నల్లటి బురదలో కాలు దిగితే గుప్పుమనేది అదే. ఇందులో మనిషి చేసిన మురికి ఏమీ లేదు. అటు పల్లపు నేలల్లో నిలిచిన నీరు దోమలకీ పుట్టిల్లు. కంపూ, దోమలూ ఒకేచోట పుట్టాయి కాబట్టి జనం రెంటినీ ముడివేసి చూశారు. కానీ కంటికి ఆనని దోమని వదిలేసి, ముక్కుకి తగిలిన గాలిని దోషిని చేశారు.

లండన్ వాళ్లకి ఇదే నమ్మకం మేలు చేసింది, అదో విచిత్రం. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీ తెరల్ని సున్నపు మందులో ముంచి కట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే జాన్ స్నో అనే వైద్యుడు కలరా వచ్చేది గాలిలో కాదు, నీళ్లలో అని ఒక వీధి పంపు చూపించి మరీ చెప్పాడు. ఎవరూ పెద్దగా వినలేదు. కంపు తమ ముక్కుదాకా వచ్చాక మాత్రం చట్టం ఉరుకులు పరుగుల మీద అయింది. బాజల్జెట్ అనే ఇంజినీరు నగరం కింద భారీ మురుగు సొరంగాలు కట్టాడు. కంపు పోగొడదామని కట్టిన సొరంగాలు మురుగుని తాగేనీటి నుంచి వేరుచేసి, కలరాని కూడా తరిమేశాయి. ఆ చట్టానికి రాణి ఆమోదం దొరికింది 1858 ఆగస్టు 2న. కంపెనీని తప్పించి మన దేశాన్ని నేరుగా రాణి పాలన కిందకి తెచ్చిన చట్టానికి ఆమోదం దొరికిందీ అదే రోజున. ఆ చట్టంతో లండన్, గంజాం జిల్లా ఒకే రాణిగారి కిందవి అయ్యాయి. సొరంగాలు మాత్రం లండన్‌కే.

గాలి మీద మోపిన నేరం కొట్టేసింది మన తెలుగుదేశంలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్ట కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే జ్వర రోగిని. డబ్బులిచ్చి మరీ దోమల చేత కుట్టించుకున్నారు ఆయన్ని. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేట వైపు వెళితే ఆ భవనం చూడొచ్చు. గంజాం ఖాళీ అయిన 82 ఏళ్లకి తెలిసిన సంగతి ఇది.

ఇక బరంపురం. గంజాం చితికిపోతుంటే ఈ ఊరు పెరిగింది. పాత బరంపురం, పెద్ద బజారు, దేవాంగుల వీధులు, పక్కనే పటాలం. మునిసిపాలిటీ 1867లో వచ్చింది. అప్పటికి మనం మద్రాసు రాజధానిలో భాగం, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా అంతే. కాబట్టి 1884లోనూ, 1920లోనూ మద్రాసు వాళ్లు చేసిన మునిసిపల్ చట్టాలే మన వీధులకీ. రోడ్లు ఊడ్చడం, దొడ్లు ఎత్తడం పురపాలకుల బాధ్యత అని వాటిలో ఉంది. ఎత్తడం అన్నారు, చూశారా! లండన్‌లో నీళ్లు తోసుకుపోయే పని ఇక్కడ మనిషి చెయ్యాలి.

మన పాత ఇళ్లు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వెడల్పు పదీ పన్నెండు అడుగులు, పొడవు మాత్రం రైలుపెట్టె. ముందు అరుగు, తర్వాత గదికి వెనక గది, వంటిల్లు, నుయ్యి, చిట్టచివర పాకీదొడ్డి. దాని వెనక గోడకి కింద చిన్న తలుపు. ఆ తలుపు తెరుచుకునేది ఇంట్లోకి కాదు, రెండు వరసల ఇళ్ల వీపుల మధ్య ఉన్న సందులోకి. ఇంట్లోవాళ్లు ఎవరూ ఆ సందులో నడవరు. నడిచేవాళ్లు వేరే. తెల్లారకుండానే రేకు, చీపురు, బక్కెట్టు పట్టుకుని వచ్చి, ఆ తలుపులోంచి చెయ్యిపెట్టి తీసి, బూడిద చల్లి పోయేవారు. మే నెల ఎండల్లో ఒక్క పూట రాకపోతే వీధంతా గగ్గోలు. అంచేత, "ఎండలవల్ల కంపు" అని మనం అంటాం గానీ, ఆ ఎండల్లో ఏడాదికి నాలుగు నెలలు కంపు రాకుండా ఉందంటే దానికి కారణం ఒక మనిషి.

పాకీ అన్న మాట పుట్టుక కూడా చూడండి. పాక్ అంటే పారశీకంలో శుద్ధమని. శుద్ధి చేసేవాళ్లకి ఆ పేరు పెట్టి, ఆ పేరునే తిట్టు చేసేశాం.

ఎవరు వాళ్లు? 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాల గ్రంథంలో గంజాం జిల్లాలో కొన్నిచోట్ల ఈ పని రెల్లివాళ్లు చేస్తారని ఉంది. రెల్లివాళ్లంటే ఉత్తరాంధ్రలో పళ్లూ కూరగాయలూ అమ్మేవాళ్లుగా మనకి బాగా తెలిసినవాళ్లే. కళింగపు ఊళ్లలో తెలుగూ ఒడియా రెండూ మాట్లాడే జనం. బరంపురం తెలుగువాళ్ల చరిత్ర అనగానే మనం వి.వి.గిరిగారు ఇక్కడ 1894లో పుట్టారని మొదలుపెడతాం. ప్లీడర్లు, పంతుళ్లు, నేతగాళ్ల దాకా వస్తాం. అక్కడితో ఆపేస్తాం. ఆ సందులో నడిచినవాళ్లు కూడా బరంపురం తెలుగువాళ్లే కదా.

మా తాతగారి పద్దు పుస్తకాలు రెండు మిగిలాయి, యాభైల నాటివి. ముత్యాల్లాంటి అక్షరాలు. పాలవాడి పేరుంది. చాకలి పేరుంది. పట్టుచీరకి బయానా ఇచ్చిన సాలె ఆయన పేరు, వీధి కూడా ఉన్నాయి. నెలనెలా ఇంకో పద్దు ఉంది, పక్కన "పాకీ" అని మాత్రమే రాసుంది. మా మేనత్తలని అడిగితే ఆవిడ ముఖం చెప్పగలిగారు. సన్నగా ఉండేదట, చెవులకి పెద్ద కమ్మలట, పండగనాడు గోడ దగ్గర విస్తట్లో పెట్టింది కొంగులో కట్టుకుపోయేదట. పేరు ఒక్కరికీ తెలీదు. ఇరవై ఏళ్లకి పైగా వచ్చిందట ఆవిడ.

ఇది మన ఊరికే పరిమితం కాదు. తెలుగువాళ్లు పొట్టచేత పట్టుకుని వెళ్లిన ఊళ్లలో ఈ పని కూడా వెంట వెళ్లింది. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్లో అదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవారే బెజవాడ విల్సన్. సఫాయి కర్మచారి ఆందోళన్ పెట్టి, పాకీదొడ్లు పడగొట్టించే ఉద్యమం నడిపారు. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి.

దొడ్లు పోయాయి, సెప్టిక్ ట్యాంకులొచ్చాయి. ఇక్కడే గంజాం నాటి పొరపాటు తలకిందులై మళ్లీ ఎదురవుతుంది. కోడిగుడ్డు కంపు వాయువుని మన ముక్కు గాలిలో వంద కోట్ల పాళ్లకి నాలుగైదు పాళ్లున్నా పసిగడుతుంది. అంత కొంచెం ఎవరినీ చంపదు. కానీ అదే వాయువు పదిలక్షల పాళ్లకి నూరు పాళ్లు దాటితే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన తెలీదు. ఇంకాస్త చిక్కబడితే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. మూత బిగించిన ట్యాంకులో ఎండాకాలం ఈ వాయువు మరీ ఎక్కువ పుడుతుంది. ఒకడు దిగి పడిపోవడం, వాణ్ణి లాగుదామని ఇంకొకడు దిగడం, మే నెల పేపర్లలో మనం చదివే వార్త ఇదే. ఇలా పోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది.

బరంపురంలో వెనక సందులు ఇంకా ఉన్నాయి. చాలా ఇళ్లవాళ్లు ఆ చిన్న తలుపుల్ని ఇటుకలతో మూసేసి, దాని పక్కనుంచే గొట్టం బయటికి పెట్టారు. ఏసీ పెట్టెలు వేలాడుతుంటాయి. పిల్లలకి ముక్కు అదిరే వాసన వచ్చేది ఆ గొట్టాలు కాలవలో కలిసే చోటునుంచే.

ఊళ్లో ఇల్లున్నవాళ్లు వానలు పడకముందే ట్యాంకు తీయించుకుంటారు కాబట్టి ఒక మాట. యంత్రంతో పీల్చే బండినే పిలవండి. మనిషిని లోపలికి దింపడం నేరం, మూత తీసి గంటసేపు ఆరబెట్టినా, వాసన రావట్లేదని అతనే చెప్పినా సరే. ఇక మీ ఇళ్లలో పాత పద్దు పుస్తకాలు, మునిసిపల్ పన్ను రసీదులు ఏవైనా ఉంటే ఈ సెలవుల్లో అటక మీంచి దింపండి. పాకీ అన్న పద్దు పక్కన ఎక్కడైనా ఒక పేరు కనిపిస్తే, ఆ పుట ఫొటో తీసి మాకు పంపండి.